రేచీకటి పడ్డ దూడకు విటమిన్-ఇ గోళీ చాలదు

"సార్, మా పడ్డకు పొద్దుగూకితే కండ్లు కనబడుతలేవు. కొట్టంల గుంజకు గుద్దుకుంటున్నది. మా పిలగాడు అమీర్‌పేట్‌ల కోచింగ్‌కు పోతుండు. వాడు ఫోన్‌ల సూశి, పంజాగుట్టల విటమిన్-ఇ గోళీలు కొనుక్కొచ్చిండు. దినాం ఎన్ని ఏయమంటరు?"

పంజాగుట్టలో మేం కూర్చునే సలహా డెస్కుకు మే నెలలో వచ్చిన ఫోన్ ఇది. చేసింది షాద్‌నగర్ వైపు నుంచి ఒక చిన్న రైతు. ఆయనకు రెండు పాడి బర్రెలు, ఒక చూడి బర్రె, రెండు దూడలు, ఎకరంన్నర భూమి ఉన్నాయి. నిమ్స్ ఆసుపత్రి చుట్టుపక్కల మందుల షాపుల్లో మనుషుల కోసం అమ్మే 400 యూనిట్ల గోళీలే కొడుకు తెచ్చినవి. ఇలాంటి ప్రశ్నలు ప్రతి ఎండాకాలం వస్తాయి. విటమిన్-ఇ కంటికి మంచిదన్న మాట సెల్‌ఫోన్లలో బాగా తిరుగుతోంది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ పశువు విషయంలో ఆ మాటను నమ్మి గోళీలతో పది రోజులు గడిపితే దూడ చూపు శాశ్వతంగా పోవచ్చు.

నేను చదివింది వ్యవసాయ శాస్త్రం, పశువైద్యం కాదు. మేత వరకు నేను చెప్పగలను. సూది మందు, మోతాదు పశువైద్యుడు చెప్పాల్సినవి. ఈ గీత గుర్తుంచుకుని మిగతాది చదవండి.

ఆ రైతును నేను మొదట అడిగింది గోళీల గురించి కాదు. "పశువులకు పచ్చిమేత వేసి ఎన్నాళ్లయింది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "సంక్రాంతి అయినంక ఏడుంది సార్, వరిగడ్డే" అన్నాడు. రోగం సగం ఆ జవాబులోనే ఉంది.

పచ్చిమేత ఆగిన మూడు నాలుగు నెలలకు

మసక వెలుతురులో చూడాలంటే కంటి లోపలి తెరలో ఒక రంగు పదార్థం తయారవుతుండాలి. దానికి ముడిసరుకు విటమిన్-ఎ. అది తగ్గితే పగలు బాగానే తిరిగే పశువు సందె వేళకు తడబడుతుంది. ఇదే రేచీకటి. పశువుల్లో విటమిన్-ఎ లోపానికి బయటికి కనిపించే మొదటి గుర్తుల్లో ఇదొకటి.

పశువుకు విటమిన్-ఎ నేరుగా మేతలో దొరకదు. పచ్చిగడ్డిలోని కెరోటిన్‌ను తిని, పేగులో దాన్ని విటమిన్-ఎగా మార్చుకుంటుంది. ఆవు పాలు కాస్త పసుపుగా, బర్రె పాలు తెల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. బర్రె దాదాపు కెరోటిన్ అంతటినీ మార్చేసుకుంటుంది, ఆవు కొంత అలాగే పాలలోకి వదులుతుంది. తెల్లగా ఉన్నాయని బర్రె పాలలో విటమిన్-ఎ లేదనుకోవద్దు.

మిగిలిన విటమిన్-ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది. పెద్ద పశువులో ఆ నిల్వ సుమారు రెండు నుంచి నాలుగు నెలలు వస్తుంది. సంక్రాంతికి పచ్చిమేత ఆగితే, మార్చి చివర నుంచి మే లోపల నిల్వ అడుగంటుతుంది. మనకు ఫోన్లు మే నెలలో రావడం అందుకే. లేగదూడకైతే ఈ నిల్వ దాదాపు ఉండదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దానికి అందేది చాలా తక్కువ.

ఇదే లెక్క మన పిల్లల విషయంలోనూ నడిచింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది, తార్నాకలో ఉంది. ఆకుకూరలు, పాలు అందని పేద పిల్లల్లో రేచీకటి, గుడ్డితనం మీద అక్కడ చాలా పని జరిగింది. 1970లో మొదలైన జాతీయ కార్యక్రమంలో పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్-ఎ ద్రావణం తాగించారు. కాలేయం దాన్ని దాచిపెట్టుకుని నెలల తరబడి వాడుకుంటుందన్న నమ్మకంతోనే ఆ పద్ధతి పెట్టారు. అంగన్‌వాడీలో చెంచాతో పోసే పసుపు మందు చాలామందికి గుర్తుండే ఉంటుంది. దూడకు అలాంటి కార్యక్రమం లేదు. దాని అంగన్‌వాడీ మన గట్టు మీది గడ్డే.

మరి విటమిన్-ఇ ఏం చేస్తుంది?

విటమిన్-ఇని 1922లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇవాన్స్, బిషప్ అనే ఇద్దరు ఎలుకల మీద పనిచేస్తూ గుర్తించారు. అప్పుడు వాళ్లు చూసింది కంటిని కాదు, చూలును. ఇది లేని మేత తిన్న ఎలుకలు చూలు నిలుపుకోలేకపోయాయి. కంటి సంగతి తర్వాత తెలిసింది.

కంటి లోపలి తెరలో కొవ్వు చాలా ఉంటుంది. ఆ కొవ్వు త్వరగా చెడే రకం. పైగా దానికి రోజంతా వెలుతురు తగులుతుంది, రక్తం ద్వారా ప్రాణవాయువు బాగా అందుతుంది. మూత లేని గిన్నెలో నూనెను ఎండలో పెడితే వాసన పట్టినట్టే ఇక్కడి కొవ్వు కూడా పాడవుతుంది. అలా కాకుండా కొవ్వు కణాల మధ్య కాపలా ఉండేది విటమిన్-ఇ. అది లేకపోతే చెడిన కొవ్వు మడ్డిలాగా తెర వెనక పేరుకుంటుంది, చూపు కణాలు మెల్లగా దెబ్బతింటాయి. ఎక్కువ కాలం విటమిన్-ఇ లేని మేత పెట్టిన ఎలుకల్లో, కోతుల్లో 1970ల తర్వాత ఈ మార్పులను స్పష్టంగా చూశారు. కుక్కల్లోనూ ఇది ఉంది. వాటిలో కూడా ముందు తగ్గేది చీకటి చూపే.

ఇంకో పని కూడా ఉంది, మనకు అదే ముఖ్యం. తిన్న కెరోటిన్, విటమిన్-ఎ పేగులోనూ కాలేయంలోనూ చెడిపోకుండా విటమిన్-ఇ కాపాడుతుంది. ఇది తక్కువైన జంతువులో ఎ నిల్వ కూడా త్వరగా ఖర్చవుతుంది. రెండూ తక్కువైతే కంటికి జరిగే నష్టం ఒక్కటి తక్కువైనప్పటి కంటే ఎక్కువ.

పైరుకు కాపలా ఉండాలి, నిజమే. కానీ విత్తనమే వేయని మడికి కాపలా పెట్టి ఏం లాభం? ఎ లేని దూడకు ఇ గోళీలు వేయడం అలాంటిదే. ఆ రైతు తెచ్చిన గోళీలో ఇ 400 యూనిట్లు. పాలు మాన్పే వయసు దూడకు ఒక రోజుకు కావాల్సింది అందులో నాలుగో వంతు కంటే ఎక్కువ ఉండదు. ఎ మాత్రం ఆ గోళీలో సున్నా. అవసరానికి ఎన్నో రెట్లు ఇ పోస్తూ పోతే పేగులో ఎ, కె విటమిన్లు ఒంటబట్టడానికి అడ్డం కూడా పడుతుంది.

ఇంకొక మాట. ఆవు, బర్రె దూడల్లో విటమిన్-ఇ లోపం ఉంటే అది ముందు కనిపించేది కళ్లలో కాదు, కండరాల్లో. పుట్టిన దూడ లేవలేదు, లేచినా కాళ్లు వణుకుతాయి, రొమ్ము పట్టే సత్తువ ఉండదు. సెలీనియం అనే ఖనిజం కూడా తక్కువైతే ఇది ముదురుతుంది. తల్లిలోనైతే మాయ పడకపోవడం, పొదుగువాపు ఎక్కువ కావడం చూస్తాం. ఒకే కొట్టంలో ఒక దూడకు రేచీకటి, ఇంకో దానికి కాళ్ల వణుకు, తల్లికి మాయ నిలవడం కనిపిస్తే మూడు రోగాలనుకోకండి, మేత వైపు చూడండి.

ఎండుగడ్డి లెక్క

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2001లో ప్రచురించిన పాడి పశువుల పోషణ ప్రమాణాలు ఇప్పటికీ లెక్కకు పనికొస్తాయి. వాటి ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 110 యూనిట్ల విటమిన్-ఎ కావాలి. 400 కిలోల బర్రెకు 44,000 యూనిట్లు, 30 కిలోల దూడకు 3,300 యూనిట్లు. విటమిన్-ఇ విషయంలో, నిల్వ మేత తింటున్న పశువుకు అదనంగా ఇవ్వాల్సింది పాలిచ్చేటప్పుడు కిలో బరువుకు 0.8 యూనిట్లు, వట్టిపోయి చూడితో ఉన్నప్పుడు 1.6 యూనిట్లు. అంటే ఈనబోయే 400 కిలోల బర్రెకు 640 యూనిట్లు.

ఇప్పుడు మేత వైపు చూద్దాం. లేత పచ్చిగడ్డిలో తేమ తీసేసి లెక్కిస్తే కిలోకు 80 నుంచి 200 యూనిట్ల విటమిన్-ఇ ఉంటుంది. కోసి ఎండబెడితే, పాతరేస్తే 20 నుంచి 80 శాతం వరకు పోతుంది. కెరోటిన్ అయితే ఎండకు ఇంకా తొందరగా పోతుంది. గడ్డి రంగే దానికి కొలబద్ద. పచ్చదనం మిగిలిన ఎండుగడ్డిలో కొంత ఉంది, తెల్లబడ్డ వరిగడ్డిలో ఏమీ లేదనుకోండి. పంట పండి, గింజ రాలి, కోత యంత్రం కింద పడి, వారం ఎండి, వామిలో నెలలు ఉన్న గడ్డి అది. కడుపు నింపుతుంది, నెమరుకు పనికొస్తుంది. కంటికి దానిలో ఏమీ లేదు.

యూరియాతో మాగవేసిన వరిగడ్డి గురించి చాలామంది అడుగుతారు. మంచి పద్ధతే, మాంసకృత్తులు పెరుగుతాయి, అరుగుదల బాగుంటుంది. విటమిన్లు మాత్రం రావు. యూరియా గడ్డి వేస్తున్నాం కదా అని పచ్చిమేత మానేసిన రైతులను చూశాను.

దాణా సంగతి కూడా ఇంతే. జొన్నలు, నూకలు, తెల్ల మొక్కజొన్న, చెక్కలు, వీటిలో కెరోటిన్ లెక్కకు రాదు. పసుపు మొక్కజొన్నలో కొద్దిగా ఉంటుంది. పత్తి గింజలు అలాగే పెడితే విటమిన్-ఇ ఉంటుంది, నూనె తీసిన చెక్కలో తగ్గిపోతుంది. తాజా తవుడులో విటమిన్-ఇ బాగానే ఉంటుంది. కానీ మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు కొన్నాళ్లకే నూనె విరిగి చేదెక్కుతుంది. చేదెక్కిన తవుడు ఇ ఇవ్వకపోగా, మిగతా మేతలో ఉన్న ఇని కూడా తినేస్తుంది. నెల సరుకు ఒకేసారి తెచ్చి రేకుల షెడ్డులో పెట్టకండి. ముక్కుకు కమురు వాసన తగిలితే దూడకు, చూడి పశువుకు పెట్టవద్దు.

రోజుకు ఐదారు కిలోల మంచి పచ్చిమేతతో బర్రెకు ఎ అవసరం సుమారుగా తీరుతుంది. ఇ మొత్తం తీరాలంటే ఇరవై కిలోలు, ఆపైన కావాలి. ఇరవై కిలోలు లేవని ఐదు కిలోలు కూడా మానేయడం దగ్గరే మన వాళ్లు నష్టపోతున్నారు. చారెడు పచ్చిగడ్డి అయినా రోజూ పడాలి, ముందు చూడి పశువుకు, తర్వాత దూడకు, చివర పాలిచ్చేదానికి. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ఉన్న పచ్చిదంతా పాలిచ్చేదానికి వేస్తాం, వట్టిపోయినదాన్ని వరిగడ్డి మీద వదిలేస్తాం.

జున్నుపాలు ఎవరికి?

తల్లి దాచుకున్న ఎ, ఇ దూడకు చేరే దారి ముర్రుపాలు. మొదటి రోజు పాలలో ఈ విటమిన్లు మామూలు పాల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పుట్టిన గంట, రెండు గంటల్లో మొదటి విడత పడాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు తాగాలి. అంటే 30 కిలోల దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు విడతల్లో.

పట్నంలో జున్నుకు గిరాకీ ఉంది. నాకూ ఇష్టమే. రైతు దగ్గర కొనేవాడు గడప దగ్గరే నిలబడి మామూలు పాల కంటే మంచి ధర ఇస్తే కాదనడం కష్టం. కానీ మొదటి రోజు పాలు దూడవి. దూడ కడుపు నిండాక రెండో రోజు, మూడో రోజు మిగిలింది అమ్ముకోండి. మాయ పడేదాకా పాలు తాగనివ్వకపోవడం కూడా కొన్ని ఊళ్లలో ఉంది. అది మానాలి. దూడ చీకితే మాయ త్వరగా పడేందుకే తోడ్పడుతుంది.

దున్నపోతు దూడ పుడితే పాలు ఇంకా తగ్గిస్తారు. ఆ దూడల్లో చూపు పోయినవి ఎక్కువ కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తల్లికే నిల్వ లేకపోతే ముర్రుపాలలోనూ ఉండవు. చలికాలం ముందు ఈనే బర్రెకు చివరి రెండు నెలలు వానాకాలపు పచ్చిక దొరుకుతుంది కాబట్టి ఫరవాలేదు. మార్చి నుంచి జూన్ మధ్య ఈనే పశువే ప్రమాదంలో ఉంటుంది. చూడి చివరి రెండు నెలలూ దానికి వరిగడ్డే. మీ కొట్టంలో అలాంటిది ఉంటే క్యాలెండరులో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఇంట్లోనే చూసుకునే పరీక్షలు

సందె వేళ, దీపాలు వేయకముందు, దూడ రోజూ నడిచే దారికి అడ్డంగా ఒక గడ్డి మోపు గానీ ఖాళీ గోనెసంచి గానీ పెట్టండి. తాడు లేకుండా తల్లి వైపు వదలండి. పగలు ఇదే అడ్డును తప్పుకుని, సందె వేళ తగిలితే రేచీకటి అని అనుమానించాలి. గాయపడే వస్తువులు పెట్టకండి.

రెండోది పగలు చేసేది. కంటి ముందు చెయ్యి ఆడించండి. గాలి తగలకుండా, వెంట్రుకలు తాకకుండా ఆడించాలి. గాలి తగిలితే గుడ్డి దూడ కూడా రెప్ప వేస్తుంది, మనం మోసపోతాం.

మూడోది టార్చి. నీడలో కట్టేసి కంట్లోకి వెలుతురు వేయండి. మామూలుగా కంటిపాప ముడుచుకుంటుంది. దూడ చూడలేకపోతూ, పాప పెద్దగా విచ్చుకుని వెలుతురుకు కదలకపోతే కంటి నరం దెబ్బతిన్నట్టు. చూపు లేకున్నా పాప మాత్రం మామూలుగా ముడుచుకుంటుంటే లోపం మెదడులో ఉండొచ్చు. ఈ తేడా డాక్టరుకు ఫోన్‌లో చెప్పగలిగితే ఆయన తెచ్చే మందే మారిపోతుంది.

తిరిగి వచ్చే చూపు, రాని చూపు

పెద్ద పశువుకు, పెయ్యకు వచ్చిన ఒట్టి రేచీకటి చికిత్సకు బాగా లొంగుతుంది. డాక్టరు విటమిన్-ఎ సూది, చాలాసార్లు ఎ, డి3, ఇ కలిసినది, వేస్తారు. పచ్చిమేత మొదలైతే క్రమంగా చీకటి చూపు తిరిగి వస్తుంది.

లేగదూడ కథ వేరు. ఎదిగే వయసులో విటమిన్-ఎ లేకపోతే పుర్రె ఎముక సరిగా పెరగదు. కంటి నరం బయటికి వచ్చే ఎముక సందు ఇరుకై, నరాన్ని నొక్కేస్తుంది. నలిగి చచ్చిన నరాన్ని ఏ సూదీ బతికించలేదు. ఈ దశ దాటిన దూడ పగలు కూడా చూడదు, కంటిపాప విచ్చుకునే ఉంటుంది. బయటికి కన్ను మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. పువ్వు లేదు, నీరు లేదు కాబట్టి రైతు గుర్తించడు.

షాద్‌నగర్ వైపు రైతు దగ్గర రెండూ జరిగాయి. ఆయన ఫోన్ చేసిన మర్నాడే మండల పశువైద్యుడు వెళ్లారు. ఏడాది దాటిన పడ్డకు పగటి చూపు బాగానే ఉంది, అది కోలుకుంది. రెండో దూడ మూడు నెలలది. దాని గురించి ఆయన ఫోన్‌లో చెప్పనే లేదు, తల్లిని అంటుకునే తిరుగుతుంది కాబట్టి తేడా తెలియలేదు. టార్చి వేస్తే పాప కదలలేదు. దానికి చూపు రాలేదు. చూడి బర్రెకు మాత్రం అదే రోజు సూది వేశారు, పక్క రైతు బోరు కింద నుంచి రోజూ ఒక మోపు పచ్చిగడ్డి మాట్లాడుకున్నారు. జులైలో ఈనిన దూడ చూపుతో, సత్తువతో ఉంది. గోళీలను ఆయన తిరిగి షాపులో ఇవ్వబోతే తీసుకోలేదట.

"సార్, మనుషులకైతే ఎల్వీ ప్రసాద్ దవాఖాన ఉంది, దూడకు ఏడ సూపియ్యాలె?" అని ఆయన ఆ తర్వాత అడిగాడు. బంజారాహిల్స్‌లో 1987 నుంచి నడుస్తున్న ఆ కంటి ఆసుపత్రి పంజాగుట్ట నుంచి దగ్గరే. దూడ కంటికైతే మండల పశువైద్యశాలే మొదటి మెట్టు. అక్కడ తేలకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల.

విటమిన్ కాని గుడ్డితనాలు

చూపు తగ్గిన ప్రతి పశువుకూ విటమిన్ సూది అడగకండి. కన్ను ఎర్రబడి, నీరు కారి, నల్లగుడ్డు మీద తెల్లపొర వస్తే, ఒకదాని తర్వాత ఒకటిగా మందలో పాకితే అది ఈగలు మోసే కండ్లకలక. అలాంటిదాన్ని విడిగా, నీడలో కట్టాలి. కంట్లో సన్నటి తెల్ల పురుగు కదులుతుంటే అది కంటి పురుగు, డాక్టరు తీసేస్తారు. జ్వరం వచ్చి పోతూ, పశువు చిక్కిపోతూ కంటికి పొర వస్తే సర్రా కావచ్చు, రక్త పరీక్ష కావాలి. ఒక్క కన్నే అయితే ముందు వరి ఊక, ముల్లు ఉందేమో చూడండి. విటమిన్ లోపం ఒక్క కంటికి రాదు.

మేకలు, గొర్రెలు, దూడలు ఒక్కసారిగా గింజ ఎక్కువ తిని, తల పైకెత్తి లేదా గోడకు ఆనించి, గుడ్డిగా తిరుగుతుంటే అది బి1 లోపం కావచ్చు. ఇందులో కంటిపాప వెలుతురుకు ముడుచుకుంటుంది. ఇది గంటల్లో చూపించాల్సిన జబ్బు. త్వరగా సూది పడితే చూపు తిరిగి వస్తుంది, ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. నగరం అంచున కొట్టాలున్నవాళ్లు పాత బ్యాటరీలు, పెయింటు డబ్బాలు పశువులకు అందకుండా చూడాలి. సీసం నాకిన దూడ కూడా పళ్లు కొరుకుతూ, వణుకుతూ, గుడ్డిదవుతుంది.

ఏ కారణమైనా సరే, కంట్లో ఉప్పు నమిలి ఊయడం, పొగాకు రసం పిండటం వద్దు. బాగయ్యే కన్ను కూడా దానితో పోతుంది.

పెరటి కోళ్లలో కన్ను వాచి లోపల జున్నులాంటి తెల్లముద్ద పేరుకుంటే చాలాసార్లు ఎ లోపమే, అయితే జలుబు రోగాలూ అలాగే ఉంటాయి. విటమిన్-ఇ లోపం, కమురు దాణా వల్ల వచ్చేది వేరు: పిల్ల మెడ వంకర తిప్పి, కాళ్లు చాచి పడిపోతుంది. మునగాకు, తోటకూర కోసి వేయండి. కాపలా కుక్కకు ఏళ్ల తరబడి ఉత్త అన్నం, మాడు నూనె పెడుతూ, ముసలిది కాకముందే రాత్రి చూపు తగ్గిందంటే అక్కడ విటమిన్-ఇ గురించి డాక్టరును అడగడం సబబే.

ఐదు గుంటలు చాలు

బోరు ఉన్నవాళ్లు ఐదు గుంటల్లో హైబ్రిడ్ నేపియర్ నాటుకుంటే ఒక బర్రెకు ఏడాది పొడవునా పచ్చిమేత వస్తుంది. రెండున్నర నెలలకు మొదటి కోత, తర్వాత నెలన్నరకోసారి. ముదరనివ్వకండి, ముదిరిన కాండంలో కెరోటిన్ తక్కువ, ఆకులోనే ఎక్కువ. పక్కన ఒక గుంట లూసర్న్, దశరథ గడ్డి లాంటి కాయజాతి మేత ఉంటే దూడకు అదే పాయసం. లూసర్న్‌ను అక్టోబరు, నవంబరులో చల్లుకోవాలి.

నీళ్లు లేనివాళ్లకు చెట్లే దిక్కు. గట్టు మీద అవిశ, సుబాబుల్, మునగ ఇప్పుడు పెడితే వచ్చే ఏడాది ఎండాకాలం కొమ్మలు కొట్టుకోవచ్చు. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. లేత జొన్న, వాడిన జొన్న మాత్రం ఆశపడి కోయకండి, పూతకు ముందు అది విషం. వానాకాలంలో గడ్డి ఎక్కువైనప్పుడు నీడలో ఆరబెట్టి, ఆకు పచ్చగా ఉండగానే కట్టలు కట్టి దాచుకుంటే చూడి పశువుకు మే నెలలో పనికొస్తుంది.

ఇవేవీ లేకపోతే విటమిన్లు కలిసిన ఖనిజ లవణ మిశ్రమం వాడాలి. అన్ని మిశ్రమాల్లోనూ విటమిన్లు ఉండవు. సంచి మీద ఎ, డి3, ఇ యూనిట్లు రాసి ఉన్నాయా, తయారీ తేదీ ఎప్పటిది, ఈ రెండు చూసి కొనండి. రాగి, ఇనుము లాంటి ఖనిజాలతో కలిసి వేడిలో ఉంటే విటమిన్లు నెలల్లో నీరసిస్తాయి. కిలో, రెండు కిలోలే కొని, మూత బిగించి చల్లటి చోట పెట్టండి. సెలీనియం కలిసిన విటమిన్-ఇ సూదిని సొంతంగా వేయకండి. సెలీనియంలో మందుకు, విషానికి మధ్య దూరం తక్కువ. విటమిన్-ఎ కూడా ఎక్కువైతే హాని చేసేదే.

దూడ చూపు మీద అనుమానం వస్తే తెలంగాణలో సంచార పశు వైద్యశాల నంబరు 1962. ఫోన్ చేసే ముందు ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి: దూడ వయసు, పగలు కూడా కనబడడం లేదా లేక సందె వేళేనా, ఒక కన్నా రెండు కళ్లా, టార్చికి పాప ముడుచుకుంటోందా, పచ్చిమేత ఆగి ఎన్నాళ్లయింది, కొట్టంలో ఈనబోయే పశువు ఉందా. ఉంటే దాన్ని కూడా అదే రోజు చూడమని అడగండి.